హన్మకొండ ఇంట్లో హ్యూమనాయిడ్ రోబోకు ఏం పని?

2025 అక్టోబర్‌లో వన్‌ఎక్స్ కంపెనీ ‘నియో’ అనే హ్యూమనాయిడ్‌కు, అంటే మనిషి ఆకారంలో ఉండే ఇంటి రోబోకు ఆర్డర్లు మొదలుపెట్టింది. ధర 20 వేల డాలర్లు, అంటే 17 లక్షల పైమాటే. ముందుగా అమెరికాలోనే ఇస్తారు. ప్రకటనల్లో అది బట్టలు మడతపెడుతుంది, గిన్నెలు సర్దుతుంది. ఆ పనుల కోసమైతే వరంగల్‌లో దాన్ని ఎవరూ కొనరు. పొద్దున్నే వచ్చి వాకిలి ఊడ్చి, బోళ్లు తోమి వెళ్లిపోయే పనామె ముందు ఈ యంత్రం నిలవదు.

మన దగ్గర అవసరం వేరే ఉంది. సుబేదారి, నక్కలగుట్ట, హంటర్ రోడ్ వైపు ఎన్నో పెద్ద ఇళ్లల్లో ఇద్దరే ముసలివాళ్లు ఉంటారు. పిల్లలు డల్లాస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు పోతే దుబాయ్‌లో. పగలు పక్కింటివాళ్లు చూసుకుంటారు. టెన్షన్ అంతా రాత్రిదే. బాత్రూంలో కాలు జారితే? గేటుకు లోపల తాళం ఉంటే, 108 వచ్చినా తీసేదెవరు?

నియోకు చేతకాని పని వస్తే కంపెనీ ఉద్యోగి వీఆర్ కళ్లద్దాలు పెట్టుకుని, దాని కెమెరాల్లోంచి ఇల్లు చూస్తూ దూరం నుంచి నడిపిస్తాడు. దీని మీద చాలా విమర్శలొచ్చాయి. న్యాయమే, మన పడకగదిలోకి పరాయివాడు తొంగిచూస్తే ఎవరు ఊరుకుంటారు? కానీ ఆ కళ్లద్దాలు కొడుకో కూతురో పెట్టుకుంటే? మనకు అర్ధరాత్రి అయితే డల్లాస్‌లో మధ్యాహ్నం, వాళ్లు మెలకువగానే ఉంటారు. ‘అమ్మా, గోలీ ఏసుకున్నవా?’ అని వీడియో కాల్‌లో అడిగి ఊరుకోకుండా, ఆ గోలీ వెతికి చేతికివ్వొచ్చు. రోబోను నడిపించి గేటు తీయొచ్చు. ఇంటి రోబోకు ఇంతకన్నా పనికొచ్చే వాడకం నాకు కనిపించడం లేదు.

కిందపడ్డ మనిషిని లేపే పని మాత్రం దానికి అప్పగించకూడదు. 30 కిలోల నియో 70 కిలోలు ఎత్తుతుందని కంపెనీ చెబుతోంది, కావచ్చు. అయితే రెండు కాళ్ల యంత్రం నిలబడాలంటే మోటర్లు క్షణక్షణం బ్యాలెన్స్ చేస్తూనే ఉండాలి. తడి బండల మీద అది జారితే పడేది ముసలాయన మీదే. బ్యాటరీ నాలుగు గంటలే. గాలివానకు నెట్ పోయిందంటే అమెరికాలో ఉన్న కొడుకు చేసేదేమీ ఉండదు.

డాబా మీద వడియాలకు కోతుల నుంచి కాపలా పెట్టి చూడొచ్చనుకోండి. మొదటి వారం భయపడతాయి, తర్వాత సంగతి కోతులకే తెలియాలి.

17 లక్షలు పెట్టగల ఎన్నారై పిల్లలు ఇవాళ చేయించాల్సినవి బాత్రూంలో పట్టుకునే రాడ్లు, ఫోన్‌తో తెరుచుకునే గేటు తాళం, రాత్రికి తోడుగా ఒక మనిషి. అమెరికాలో నియోను నెలకు 499 డాలర్ల చందాకూ ఇస్తామంటున్నారు. ఆ పద్ధతి ఇక్కడికీ వచ్చి, కళ్లద్దాలు ఇంటివాళ్ల చేతికిస్తే, కొనే ముందు ఒక వానాకాలం అద్దెకు పెట్టుకుని చూడటం మేలు.