సగం చూసి చెప్పిన తీర్పు

2025లో జపాన్ బ్యాటర్ ఇచిరో సుజుకికి కూపర్స్‌టౌన్ తలుపులు తెరుచుకున్నాయి. అమెరికా బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ మందిరం, హాల్ ఆఫ్ ఫేమ్, ఉన్న ఊరది. బేస్‌బాల్ విలేకరులైన 394 మంది ఓటర్లలో 393 మంది ఆయనవైపే నిలిచారు. ఆ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికైన తొలి ఆసియా ఆటగాడాయన. ఆ గౌరవానికి అన్నివిధాలా తగినవాడు. అయితే, జపాన్‌లో ఆయన కొట్టిన 1,278 హిట్ల (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) జోలికి వెళ్లాల్సిన అవసరమే ఓటర్లకు కలగలేదు. అమెరికాలో కొట్టిన 3,089 హిట్లే సరిపోయాయి. రెండు దేశాల్లో ఆడినవాణ్ని ఏ తూకంతో తూచాలన్న అసలు ప్రశ్న అంతకు ఏడేళ్ల ముందు, మరో జపాన్ బ్యాటర్ హిదెకి మత్సుయి పేరు వచ్చినప్పుడే ఎదురైంది. అప్పుడు ఓటర్లు తప్పు చేశారన్నది మా నిశ్చితాభిప్రాయం.

2018 బ్యాలట్‌లో పోలైన 422 ఓట్లలో మత్సుయికి దక్కినవి నాలుగంటే నాలుగు. 5 శాతం ఓట్లయినా రాని పేరును మరుసటి ఏడాది తీసేస్తారు. అంతటితో ఆ అధ్యాయం ముగిసిపోయింది. జపాన్ జట్టు యోమియురి జెయింట్స్ తరఫున పదేళ్లలో 332 హోమ్ రన్లు (బంతిని మైదానం దాటించే దెబ్బలు), న్యూయార్క్ యాంకీస్‌తో మొదలైన అమెరికా పదేళ్లలో 175, కలిపి 507 హోమ్ రన్ల ఆటగాడాయన. ఓటర్లు ఆ 175 మాత్రమే చూశారు.

ఆ 332 వెనుక ఎలాంటి మనిషి ఉన్నాడో జపాన్‌లో పిల్లలకూ తెలుసు. 1992 ఆగస్టులో కోషియెన్ మైదానంలో జాతీయ హైస్కూల్ పోటీలు జరుగుతున్నాయి. మత్సుయి ఐదుసార్లు బ్యాట్ పట్టుకుని వచ్చాడు. ఐదుసార్లూ ప్రత్యర్థి పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) కావాలనే బంతులను అందకుండా దూరంగా విసిరి, ఆయన్ను ఊరికే మొదటి బేస్‌కు పంపేశాడు. బేస్‌లన్నీ ఖాళీగా ఉండి, ఎంత బాగా కొట్టినా ఒక్క పరుగే వచ్చేటప్పుడూ అంతే. స్టాండ్స్ నుంచి జనం కోపంతో చేతికందిన వస్తువులు మైదానంలోకి విసిరారు. ఆ కుర్రాడు మాత్రం ఒక్క మాట అనకుండా బ్యాట్ కింద పెట్టి నడిచి వెళ్లాడు. జట్టు 3-2తో ఓడింది.

అదే మనిషి 2006 మేలో యాంకీ స్టేడియంలో ముందుకు జారుతూ బంతిని అందుకోబోయాడు. గ్లవ్ గడ్డికి పట్టుకుని ఎడమ మణికట్టు విరిగింది. రెండు దేశాల్లో కలిపి వరుసగా 1,768 మ్యాచ్‌లు ఆడిన పరంపర అక్కడితో ఆగింది. నొప్పి సంగతి పక్కనపెట్టి, సహచరులను నిరాశపరిచానంటూ క్షమాపణ చెప్పుకున్నాడు. సెప్టెంబరులో తిరిగొచ్చిన రోజే నాలుగు హిట్లు కొట్టాడు. 2009 వరల్డ్ సిరీస్‌లో యాంకీస్ కప్పు గెలిచిన ఆరో మ్యాచ్‌లో ఒక్కడే ఆరు పరుగులు రాబట్టాడు. సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడూ ఆయనే.

అంతటివాడు అమెరికాకు ఇరవై రెండేళ్లకే ఎందుకు రాలేదు? రానివ్వలేదు కాబట్టి. 1964లో మసనోరి మురకామి అమెరికాలో ఆడాక రెండు దేశాల లీగ్‌లు గొడవపడి, ఒకరి ఆటగాళ్లను మరొకరు తీసుకోకూడదని ఒప్పందం చేసుకున్నాయి. మూడు దశాబ్దాలపాటు మరో జపనీయుడు అక్కడ అడుగుపెట్టలేదు. 1995లో హిదెయో నోమో జపాన్‌లో రిటైర్మెంట్ ప్రకటించి, నిబంధనల్లోని సందు గుండా బయటపడాల్సి వచ్చింది. మత్సుయి నచ్చిన జట్టుకు వెళ్లే ఫ్రీ ఏజెంట్ హక్కు దక్కేదాకా ఆగి 28 ఏళ్లకు వచ్చాడు. కట్టుబాట్లు కొందరివి, మూల్యం ఇంకొకరిదా?

జపాన్ లీగ్ స్థాయి తక్కువన్న వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. అమెరికాలో మొత్తం 13 హోమ్ రన్లే కొట్టిన టఫీ రోడ్స్ జపాన్‌లో 2001 సీజన్ ఒక్కదానిలో 55 కొట్టాడు. మత్సుయి సైతం 2002లో జపాన్‌లో 50 కొట్టి, మరుసటి ఏడాది అమెరికాలో 16 దగ్గరే ఆగాడు. కానీ ఎదురు ఉదాహరణా ఉంది. అమెరికా ఆటగాడు సెసిల్ ఫీల్డర్ 1989లో జపాన్ జట్టు హన్షిన్ టైగర్స్‌కు 38 హోమ్ రన్లు కొట్టి, తిరిగొచ్చి 1990లో అమెరికాలోని డెట్రాయిట్ జట్టుకు 51 కొట్టాడు. డాలరు ముందు యెన్ విలువ తక్కువే, అంతమాత్రాన అది చెల్లని కాసైపోదు. మారకం రేటు కట్టండి, తరుగు తీయండి, మిగిలినదాన్ని లెక్కలో వేయండి. అమెరికాలో తొలి మూడు సీజన్లలో ఒక్క మ్యాచ్ కూడా మానకుండా, ఏటా వందకు పైగా పరుగులు రాబట్టిన బ్యాటర్ అంతకు ముందు ఐదేళ్లు అమెరికాలోనే ఉంటే ఏం చేసేవాడో ఊహించడం కష్టమేమీ కాదు. మా లెక్కలో మత్సుయి అర్హుడే.

వర్ణవివక్ష కాలంలో నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌ల గణాంకాలు 2024లో అమెరికా అగ్రశ్రేణి మేజర్ లీగ్ రికార్డుల్లో కలిశాయి. ఆ లీగ్‌ల పిచ్చర్ శాచెల్ పేజ్‌ను కూపర్స్‌టౌన్ 1971లోనే గౌరవించింది. వర్ణవివక్ష చేసిన గాయానికీ, ఒప్పందాల కట్టుబాటుకూ పోలిక లేదు, ఆ తేడాను చెరపబోము. ఆడనిచ్చిన చోట ఆడిన ఆటకు విలువ కట్టవచ్చని మాత్రం కూపర్స్‌టౌనే ఒప్పుకుంది. జపాన్‌లో 868 హోమ్ రన్లు కొట్టిన సదహారు ఓకు తలుపు తీయమని మేము అడగడం లేదు, ఆయన అమెరికా లీగ్‌లో ఆడలేదు. అక్కడ పది సీజన్లు ఆడాలన్న షరతును నెరవేర్చినవాడి గురించే మా వాదన.

జపాన్‌లో 200 విజయాల పిచ్చర్లకు, 2,000 హిట్ల బ్యాటర్లకు ప్రవేశమిచ్చే మెయిక్యూకై అనే సంఘం ఉంది. అక్కడ మొదలుపెట్టి అమెరికాకు వెళ్లినవాడి రెండు లెక్కలనూ అది కలిపే చూస్తుంది. 2024 మేలో జపాన్ పిచ్చర్ యు దర్విష్ 200వ విజయం అందుకున్నది ఆ కలిపిన లెక్కలోనే. అందులో 93 జపాన్‌లో గెలిచినవి, ఇరవై ఆరేళ్లు నిండకముందే గెలిచినవి. రేపు దర్విష్ పేరు బ్యాలట్‌పైకి వస్తుంది. మత్సుయి పేరును తిరిగి పరిశీలించే అధికారం హాల్ ఆఫ్ ఫేమ్‌కు చెందిన 16 మంది సభ్యుల ఎరా కమిటీ చేతిలో ఉంది. ఆ ఓటు కాగితాల మీద రెండు దేశాల అంకెలనూ పక్కపక్కనే ముద్రించి ఓటర్లకు ఇవ్వాలని మేము కోరుతున్నాం.