819 నొక్కులు, యాభై శాతం తగ్గింపు

ముసలివాణ్ణని నమ్మించడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. మామూలుగా మనం మర్చిపోదామన్నా లోకం గుర్తుచేస్తూనే ఉంటుంది. బస్సులో కుర్రాడు లేచి సీటిస్తాడు, లిఫ్టులో పిల్లలు తాతా అంటారు, క్షౌరశాలలో అడక్కుండానే గిన్నెలో రంగు కలుపుతారు. అదే లోకం, వంద రూపాయలు తగ్గించాల్సి వచ్చేసరికి, నన్ను పైనించి కిందిదాకా చూసి "ప్రూఫ్ ఏదీ?" అంటుంది.

బెంగళూరులో, మారతహళ్ళిలో, మా అబ్బాయి ఫ్లాటుకి రెండు వీధుల అవతల ఒక రక్తపరీక్షల ల్యాబు ఉంది. పేరు చెప్పను, మీ వీధిలోనూ ఒకటి ఉంటుంది. అద్దం మీద నిలువెత్తు పోస్టరు. అందులో ముప్పై రెండు పళ్ళూ ఉన్న ముసలి దంపతులు పార్కులో నిలబడి విరగబడి నవ్వుతున్నారు (నాకు తెలిసి ఆ వయసులో మొగుడూ పెళ్ళాం కలిసి అంతలా నవ్వేది పక్కింటివాళ్ళ గొడవ గోడలోంచి వినపడినప్పుడే). కింద "సీనియర్ సిటిజన్లకు 50 శాతం తగ్గింపు" అని గుమ్మడికాయంత అక్షరాలు. ఆ పక్కన, షరతులు వర్తిస్తాయని చెప్పే ఈగ కాలంత చుక్క గుర్తు. వ్యాపారమంతా ఆ చుక్కలో ఉంటుంది, మిగతాది పోస్టరు.

2025 అక్టోబరులో ఒక పొద్దున, ముందు రాత్రి నుంచి ఏమీ తినకుండా, కాఫీ చుక్క కూడా లేకుండా లోపలికి వెళ్ళాను. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. "తగ్గింపు యాప్‌లోనే అంకుల్" అన్నాడు. యాప్ దిగడానికి పావుగంట. ఓటీపీ వచ్చింది, కళ్ళజోడు వెతికేలోపు దాని గడువు తీరింది, ఇంకోటి వచ్చింది. చివరికి పుట్టినతేదీ అడిగింది. టైపు చేద్దామంటే ఒప్పుకోదు. ఒక క్యాలెండరు తెరుచుకుంది. ఈ నెలది. పక్కన ఎడమవైపు చిన్న బాణం. ఒక్కసారి నొక్కితే ఒక్క నెల వెనక్కి.

నేను చిత్తూరు జిల్లాలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, కాబట్టి నొక్కే ముందు లెక్క కట్టాను. నా పుట్టినతేదీ 1957 జూలై 1. అంటే అది బళ్ళో చేర్చుకున్నరోజు అయ్యవారు తన సౌకర్యం కోసం వేసిన తేదీ. మా తరగతిలో ముప్పావువంతు మందిమి అదే రోజు పుట్టాం, ఊళ్ళో మంత్రసాని ఆ రోజు ఎలా తట్టుకుందో మరి. మా అమ్మ లెక్క ప్రకారం నేను హేవళంబి సంవత్సరంలో, చెరుకు గానుగ ఆడే రోజుల్లో పుట్టాను. కానీ యాప్‌లో గానుగ లేదు. 2025 అక్టోబరు నుంచి 1957 జూలైకి 68 ఏళ్ళ 3 నెలలు. అంటే 819 నొక్కులు. వృద్ధుల కోసం, వణికే బొటనవేళ్ళ కోసం, ఖాళీ కడుపుతో ఉన్న షుగరు రోగుల కోసం ఎవరో పాతికేళ్ళ ఇంజనీరు ఏసీ గదిలో కూర్చుని తయారుచేసిన సౌకర్యం ఇది. మొదలుపెట్టాను.

67వ నొక్కుకి 2020 మార్చి వచ్చింది, అక్కడ వేలు ఆగిపోయింది. రైల్లో మనకున్న రాయితీని తీసేసిన నెల అది. అరవై దాటిన మగవాళ్ళకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్ళకు 50 శాతం తగ్గేది. అంతకుముందు కొన్నేళ్ళు, కావాలంటే రాయితీ వదులుకోండి అని టికెట్ ఫారంలోనే పెద్దమనసుకో గడి పెట్టారు. మనం అంత ఉదారంగా వదులుకోకపోయేసరికి 2020 మార్చి 20న వాళ్ళే లాక్కున్నారు. కరోనా, ముసలివాళ్ళు తిరగకూడదు, మంచికే అన్నారు. సరే, నమ్మాం. తర్వాత అందరూ తిరిగారు, పెళ్ళిళ్ళు, మేళాలు, ఎన్నికల సభలు అన్నీ జరిగాయి, మన 40 శాతం మాత్రం ఇంటికి రాలేదు. ఆ రాయితీ ఆపినందువల్ల 2025 ఫిబ్రవరి దాకా అదనంగా వచ్చింది 8,913 కోట్లని సమాచార హక్కు కింద అడిగినవాళ్ళకు లెక్క చెప్పారు. ఇంకా పైన, ప్రయాణం ఖర్చులో సగటున 57 శాతమే వసూలు చేస్తున్నామని టికెట్టు మీద అచ్చేసి మరీ ఇస్తారు. పెళ్ళిలో వడ్డిస్తూ కూర ధర చెప్పే మేనమామ లాగా. లోయర్ బెర్తు కోటా ఉందిగా అంటారు. ఉంది, ఒక టికెట్టు మీద ఒకరో ఇద్దరో వృద్ధులే ఉంటే. తోడుగా మనవణ్ణి అదే టికెట్లో వేసుకున్నామా, ఆ కోటా మనకు లేనట్టే.

బస్సుల సంగతి ఇంకో తమాషా. చిత్తూరు నుంచి పలమనేరు దాకా ఆంధ్రా బస్సులో మా ఆవిడ ఉచితం, నాకు 25 శాతం తగ్గింపు. నంగలి దగ్గర సరిహద్దు దాటి కర్ణాటక బస్సెక్కితే ఇద్దరం ఫుల్ టికెట్టు. ఇక్కడా ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే శక్తి పథకం ఉంది, ఇక్కడా వృద్ధులకు 25 శాతం ఉంది, కానీ అవి కర్ణాటక వాసులకు, మా ఆధార్‌లో చిత్తూరు ఉంది. అంటే ఆ చెక్‌పోస్టు దగ్గర మా ఆవిడ ఆడమనిషి కాకుండా పోతుంది, నేను యువకుణ్ణయిపోతాను. ఇంత చవగ్గా యౌవనం ఇచ్చే మందు ఏ ఆయుర్వేదంలోనూ లేదు.

యౌవనం అంటే గుర్తొచ్చింది, అసలు ముసలితనం ఎప్పుడు మొదలవుతుందో ఎవరైనా తేల్చి చెప్పగలరా? బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద అర శాతం ఎక్కువ వడ్డీకి 60. తిరుమలలో వృద్ధుల దర్శనానికి 65. ఆదాయంతో పనిలేకుండా ఇస్తున్న 5 లక్షల ఉచిత వైద్యం ఆయుష్మాన్ కార్డుకు 70. ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర అతివృద్ధుడు అనిపించుకోవాలంటే 80. ఈ లెక్కన 68 ఏళ్ళ నేను బ్యాంకులో ముసలివాణ్ణి, కొండ మీద ముసలివాణ్ణి, ఆస్పత్రిలో మాత్రం ఇంకా కుర్రాణ్ణే.

మళ్ళీ నొక్కులకొద్దాం. సరిగ్గా నూరో నొక్కుకి 2017 జూన్ వచ్చింది. నేను రిటైరైన నెల. బాణం నొక్కబోయి వేలు జారి 30వ తేదీ మీద పడింది, యాప్ టక్కున "సేవ్ అయింది, ధన్యవాదాలు" అంది. ఏ రోజు నాకు శాలువా కప్పి పంపించారో ఆ రోజే పుట్టానన్నమాట. వయసు ఎనిమిదేళ్ళు. మార్చుకోవాలంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యాలి, కస్టమర్ కేర్ పది గంటలకు గానీ తెరవరు. కుర్రాడు, "ఆంటీ నంబరుతో ఇంకో అకౌంట్ తెరవండి అంకుల్" అన్నాడు. తెరిచాను. మళ్ళీ అక్టోబరు, మళ్ళీ బాణం.

రెండోసారి బాగా వెనక్కి వెళ్ళాను. మా అబ్బాయి పుట్టిన నెల దాటింది, పెళ్ళి దాటింది. అమ్మ ఉన్న ఏళ్ళలోకి వచ్చాక వేలు దానంతటదే నెమ్మదించింది. 1979 ఆగస్టు దగ్గర వ్యక్తిగత రుణం కావాలా అని ఎవరో ఫోన్ చేశారు. తిరిగి చూస్తే క్యాలెండరు అక్టోబరు 2025.

అప్పుడు లేచి వచ్చాడు కుర్రాడు. "పైన ఇయర్ మీద నొక్కండి అంకుల్" అని ఒక్క నొక్కు నొక్కాడు, ఏళ్ళన్నీ బారులు తీరాయి, గీరాడు, 1957. మూడు సెకన్లు. అది నొక్కే చోటని చెప్పే గుర్తు ఒక్కటంటే ఒక్కటి లేదు అక్కడ. అరగంట నుంచి నన్ను చూస్తున్నావు కదా నాయనా అంటే, గేమ్ ఆడుతున్నారనుకున్నానన్నాడు.

ఇక తగ్గింపు. నాకు కావాల్సినవి మూడు పరీక్షలు: మూడు నెలల షుగరు, క్రియాటినిన్, కొలెస్ట్రాల్. కౌంటర్లో ఏ వయసువాడికైనా 1,150 రూపాయలు. సీనియర్ల తగ్గింపు మాత్రం 72 పరీక్షల ప్యాకేజీకే. 4,000 కొట్టేసి 2,000. అంటే ముసలివాణ్ణని రుజువైనందుకు నేను 850 ఎక్కువ కట్టాలి. 1,150 ఇచ్చి, చొక్కా చెయ్యి మడిచాను.

ఇంతసేపూ నవ్వుకుంటూనే రాశాను గానీ, ఆ రోజు ఇంటికి తిరిగొస్తూ గేటు దగ్గర ఆగాక నవ్వు పోయింది. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పూలమ్మే ఆవిడ కుప్పం మనిషి, బిల్డింగు పనికని మొగుడితో వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. ఇలాంటి ఇళ్ళకు ఇటుకలు మోసి నడుము పోగొట్టుకుంది. ఆవిడకు ఇక్కడి అడ్రసే ఉంది. ఇక్కడ 65 నిండితే సంధ్యా సురక్ష కింద నెలకు 1,200 పింఛను. ఆధార్‌లో ఆవిడ వయసు 54. పెద్దకొడుక్కి 51. అంటే ఆవిడ మూడేళ్ళప్పుడు కొడుకుని కన్నది, ఏ కంప్యూటరుకీ అందులో తప్పు కనపడలేదు. "ఆ అబ్బోడు మొహం చూసి రాసుకున్నాడు సామీ, నాకేం తెలుసు" అంటుంది. దిద్దించుకోవాలంటే పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారు. బడి మొహం చూడని మనిషి ఎక్కడ తెస్తుంది? నాకు వేసినట్టు జూలై 1 వెయ్యడానికి ఆవిడకు ఒక అయ్యవారైనా లేడు.

పింఛనుంది, డిపాజిట్టుంది, అమెరికా నుంచి కూతురు ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకుంటుంది, అయినా నాకు అర శాతం ఎక్కువ వడ్డీ. ఎండలో కూర్చుని మూర లెక్కన కనకాంబరాలమ్మే మనిషికి మాత్రం ఇంకా వయసు రాలేదట! వృద్ధాప్య పింఛనులో కేంద్రం తన వాటాగా నెలకు ఇచ్చేది 200. ఎనభై దాటితే 500. అక్షరాలా రెండొందలు, ఏళ్ళ తరబడి అంతే. మా కోడలు తెప్పించే కాఫీ ఒకటి అంతకంటే ఎక్కువ. సిగ్గులేదా అని అడగాలనిపిస్తుంది, ఎవర్ని అడగాలో తెలియక ఆవిడ దగ్గర రెండు మూరలు కొని, చిల్లర తీసుకోకుండా పైకొచ్చాను. ఆవిడ కేకేసి మరీ చిల్లర ఇచ్చింది.

ల్యాబు యాప్ ఇంకా నన్ను వదల్లేదు. 2017లో పుట్టిన నా పేరు మీద వారానికి రెండు మెసేజ్‌లు వస్తున్నాయి. "మీ చిన్నారికి పిల్లల హెల్త్ చెకప్, 60 శాతం తగ్గింపు, బొమ్మ ఉచితం" అని. చుక్క గుర్తు కోసం భూతద్దం పెట్టి వెతికాను. లేదు. ప్రూఫూ అడగలేదు. మా ఆవిడ, వెళ్ళి బొమ్మైనా తెచ్చుకోండి అంటోంది.