నోటిమాట వద్దు మేడం, రాసివ్వండి

మూడేళ్లుగా ప్రతి పేరెంట్స్ మీటింగ్‌లో నేను విన్నది ఒకటే మాట. "బాబు బ్రైటేనండీ, రాయడానికే బద్ధకం. ఇంట్లో కాస్త కూర్చోబెట్టండి." ఎంత కూర్చోబెట్టానో నాకూ వాడికీ తెలుసు. ఏడ్చాడు, ఏడ్చాను, ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. ఆ పాపం నాదే.

వాడి తెలుగు నోట్సు చూస్తే మీకే అర్థమవుతుంది. 'పప్పు' అని చెబితే 'వప్పు' అని రాస్తాడు. మకూ యకూ తేడా పట్టుకోలేడు కాబట్టి 'మామయ్య' రాయమంటే పేజీ అంతా కుస్తీయే. దాని కింద ఎర్ర ఇంకుతో 'నిర్లక్ష్యం' అని టీచర్ గారి తీర్పు. అదే పిల్లాడు ఘటోత్కచుడి కథ నోటితో చెబితే మా అత్తగారు వంట ఆపి వింటారు.

నాలుగో క్లాసులో సైకాలజిస్ట్ దగ్గర పరీక్షలు చేయించాం. డిస్‌లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. రిపోర్టు పట్టుకుని స్కూలుకి వెళ్లాను. పెద్ద మేడం కాఫీ తెప్పించి, చాలా మర్యాదగా, "మీ బాబుకి మా స్కూలు సూట్ కాదేమో, ఒకసారి ఆలోచించండి. లేదంటే క్లాసులో పక్కనే కూర్చుని సాయం చేసే షాడో టీచర్‌ని మీరే పెట్టుకోండి" అన్నారు. తల ఊపి వచ్చేశాను. గేటు దాటాక గానీ కోపం రాలేదు.

ఆ రాత్రి చట్టం చదివాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. అందులో చెప్పిన 21 వైకల్యాల్లో మా వాడిదీ ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, పిల్లాడికి కావలసిన సర్దుబాట్లు చెయ్యాలని, నేర్చుకోవడంలో ఇలాంటి ఇబ్బంది ఉంటే వీలైనంత తొందరగా గుర్తించాలని 16వ సెక్షన్ చెబుతోంది. అంటే కనిపెట్టాల్సిన పని వాళ్లది! మూడేళ్లు బద్ధకం అన్నది ఎవరు మరి? పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు, ఇవన్నీ 17వ సెక్షన్‌లో ఉన్నాయి. నేనేదో దయ చూపమని అడుగుతున్నట్టు ఇన్నాళ్లూ చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు ఒక పేజీ లెటర్ రాశాను. తిట్లు లేవు, కన్నీళ్లు లేవు. రిపోర్టు కాపీ జత చేసి, సెక్షన్ నంబర్లు వేసి, అదనపు సమయం ఇవ్వాలనీ, అక్షరదోషాలకు మార్కులు కొయ్యొద్దనీ, హిందీ మినహాయించాలనీ అడిగాను. చివర్లో, 'కుదరదంటే కారణం రాతపూర్వకంగా తెలపగలరు'. రెండు కాపీలు తీసుకెళ్లి, నా కాపీ మీద ఆఫీసులో ముద్ర, సంతకం, తేదీ అడిగాను. ఆ క్లర్కు నన్ను చూసిన చూపు మర్చిపోలేను, ఏదో అప్పు వసూలుకి వచ్చినట్టు. "మేడంతో మాట్లాడండమ్మా" అన్నాడు. మాట్లాడింది చాలు, ముద్ర వెయ్యి బాబూ అన్నాను.

నాలుగో రోజు ఫోన్. ఈసారి 'సూట్ కాదు' అనలేదు. "యూనిట్ టెస్టుల్లో గంటకు ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తాం." కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉన్న లెక్క కూడా అదే. సరే మేడం, ఈ ముక్క మెయిల్‌లో పెట్టండి అన్నాను. పెట్టారు. పెట్టకపోయి ఉంటే, 'మీరు ఫోన్‌లో చెప్పినట్టుగా' అని నేనే పంపేదాన్ని.

ఇంట్లో గొడవ వేరే. వైకల్య సర్టిఫికెట్ అనగానే మా వారు "వాడి మీద ముద్ర పడుతుంది" అన్నారు. ఎర్ర ఇంకుతో మూడేళ్లుగా పడుతున్నది ముద్ర కాదా? గుంటూరులో మా చెల్లెలిదీ ఇదే పరిస్థితి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు సదరం పరీక్షకి స్లాట్ బుక్ చేద్దామంటే, రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమని వాళ్ల అత్తగారు ఒప్పుకోవడం లేదు. పిల్ల వయసు తొమ్మిది!

సర్కారు బడిలో చదివే పిల్లలైతే మండలంలో ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం ఉందేమో, అక్కడ వాళ్లకి నేర్పే ఐఈఆర్‌పీ టీచర్ ఎవరో కనుక్కోండి. ప్రైవేటులో 'మాకు స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు' అంటే, అలాంటి టీచర్లని నమోదు చేసే కేంద్ర సంస్థ ఆర్‌సీఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మా స్కూల్లో చూపించినావిడ నిజానికి డ్రాయింగ్ టీచర్. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది. మా వాడికి మాత్రం ఇప్పటికీ డ్రాయింగ్ మేడమే దిక్కు. పాపం ఆవిడ మంచిదే.

క్లాస్ టీచర్ మీద నాకు కోపం లేదు. నలభై మందికి ఒక్కతే, ఎర్ర పెన్ను తప్ప ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

హిందీ సంగతి ఇంకా తేలలేదు. "పైవాళ్లని అడగాలి" అంటున్నారు. ఆ పైవాళ్లెవరో రాసివ్వమని సోమవారం ఇంకో లెటర్ ఇస్తున్నాను. అదీ కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఆఫీసుకి. ఫైల్లో ఇప్పటికి ముద్ర పడ్డ కాగితాలు ఆరు. మా వాడు నిన్న దాని అట్ట మీద స్కెచ్ పెన్నుతో 'అయ్మ ఫైలు' అని రాసిపెట్టాడు. దిద్దలేదు, అలాగే ఉంచాను.