స్కానింగ్ రిపోర్టు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ స్కానింగ్ రిపోర్టు గారి సముఖమునకు, శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం నుంచి తమరిని సంచీలో పెట్టుకుని తిరిగేవాడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. మీకు కుశలం అన్న మాట పడదని తెలుసు, అయినా మా అలవాటు మాది. అన్నీ బాగున్నా మీరు "చెప్పుకోదగ్గ లోపమేదీ కనిపించలేదు" అనే అంటారు. చెప్పుకోదగనిదేదో ఉందేమోనన్న టెన్షన్ మాకు వదిలేస్తారు.

మాది ఉద్దానం. ఇక్కడ క్రియాటినిన్ అంటే, అదే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె అంటే, ఏమిటో కొబ్బరి దింపు తీసేవాడిని అడిగినా చెప్తాడు. ఇన్నేళ్లుగా ఎంతమంది వచ్చి పరిశోధించినా మా కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని తేలలేదు కాబట్టి, అది చెప్పలేదని మీ మీద కోపం లేదు. మా గొడవ వేరు.

శ్రీకాకుళంలో డాక్టరుగారు మా చిన్నాన్నకి చీటీ రాశారు. "యూఎస్‌జీ అబ్డొమెన్", అంటే పొట్టకి అల్ట్రాసౌండ్ స్కాన్. అంతే. రోగి వివరాలు అని అచ్చేసిన చోట ఒక అడ్డగీత. ఆ గీత పట్టుకుని ఏడురోడ్ల జంక్షన్ దాటి స్కానింగ్ సెంటరుకి వెళ్లాం. పొట్ట మీద చల్లటి జెల్ రాస్తుంటే చిన్నాన్న ఆగలేక అడిగేశాడు: "ఏటి బావూ, కిడ్నీలు ఎలగున్నాయి?"

"మీ డాక్టరుగారు చెప్తారు."

ఎదురుగా గోడ మీద బోర్డు: పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం. 1994 నాటి చట్టం, మంచి చట్టం. అరవై దాటిన మగాడికి తన కిడ్నీ సంగతి చెప్పకూడదని ఏ చట్టంలో ఉందో మాత్రం ఆ బోర్డు మీద లేదు.

కాసేపటికి తమరు కవర్లో దయచేశారు. కుడి కిడ్నీ 8.1 సెంటీమీటర్లు, ఎడమది 8.4. కార్టికల్ ఎకోజెనిసిటీ పెరిగింది. ఎడమ కిడ్నీలో చిన్న సిస్టు. పోల్చి చూడటానికి పాత రిపోర్టులు లేవు. క్రియాటినిన్‌తో కోరిలేట్ చేసుకోగలరు, అంటే ఆ అంకెతో కలిపి చూసుకోమని. క్లినికల్‌గా అవసరమైతే సీటీ.

స్వామీ, ఆ క్రియాటినిన్ కాగితం చిన్నాన్న చేతిలో ఉన్న బట్టలకొట్టు సంచీలోనే ఉంది. 3.8, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. దాని కిందే పోయినేడాది సోంపేటలో తీయించిన స్కాన్ ఉంది, అందులో కుడి కిడ్నీ 9.3. ఏడాదిలో ఎంత కుంచించుకుపోయిందన్నది కదా అసలు కబురు! లేవని రాసేముందు ఆ సంచీలో ఏముందని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

మొగుడూ పెళ్లాలు అలిగి "అన్నం పెట్టమని మీ అమ్మకి చెప్పు" అంటూ పిల్లాడి చేత కబుర్లు పంపుకుంటారే, చీటీ రాసే డాక్టరుకీ మిమ్మల్ని రాసే డాక్టరుకీ మధ్య మేం ఆ పిల్లాడిలా తిరుగుతున్నాం. అయితే వాడికి తను మోసే కబురు అర్థమవుతుంది.

పాపం, మిమ్మల్ని రాసేవారి బాధలు వారివి. అడ్డగీతలో ప్రశ్న లేనప్పుడు జవాబెక్కడినుంచి తెస్తారు? పొట్టంతా వెతికి కనబడిందల్లా రాయాలి. పైగా వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అందుకని "కావచ్చు", "కాదనలేం" అని ముందే చుట్టూ కంచె వేసుకుంటారు. ఇటు చూస్తే, డాక్టరుగారు రెండు పేజీల మిమ్మల్ని తిరగేసి అడుగున ఉన్న ఇంప్రెషన్, అంటే తేల్చిన సారాంశం, ఒక్కటే చూస్తారు. బయట వరండాలో నలభైమంది ఉంటే ఎవరైనా అంతే.

మీ ఎమ్మారై అన్నగారి పుణ్యమా అని మా మేనత్త "డిస్క్ బల్జ్" (వెన్నుపూసల మధ్య మెత్త కాస్త ఉబ్బడం) అన్న రెండు ముక్కలకే మంచమెక్కింది. నడుంనొప్పి అసలే లేనివాళ్లలో కూడా ఇరవై ఏళ్ల వయసులో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లకి 84 శాతం మందికి ఆ బల్జ్ ఉంటుందని 2015లో అమెరికా న్యూరోరేడియాలజీ పత్రిక ఒకటి లెక్క కట్టింది. ఆ ముక్క కూడా అడుగున వేసుంటే ఆవిడ ఈపాటికి జీడితోటలో ఉండేది.

మీ ఇంట్లోనే రొమ్ము పరీక్ష చేసే మామోగ్రామ్ రిపోర్టు ఉంది, ఎంత బుద్ధిమంతురాలో! బైరాడ్స్ అని 0 నుంచి 6 దాకా అంకెలు పెట్టుకుంది. 2 అంటే నిరపాయం, 4 అంటే అనుమానం, ముక్క తీసి పరీక్షకి పంపాలి. రాసినవారికీ చదివినవారికీ మళ్లీ పంచాయితీ అక్కర్లేదు.

మీ లెటర్‌హెడ్ మీద మూడు ఫోన్ నంబర్లున్నాయి. మూడూ అపాయింట్‌మెంటు కోసమేనట. ఒక్క నంబరు డాక్టర్లిద్దరూ మాట్లాడుకోవడానికి కేటాయించలేరా? బిల్లు మేం కట్టుకుంటాం.

ఇట్లు,
సంచీ మోసేవాడు

తా.క. చిన్నాన్నకి సీటీ రాశారు, కాంట్రాస్ట్‌తో, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందుతో; అది దెబ్బతిన్న కిడ్నీలకి భారం కావచ్చు. క్రియాటినిన్ 3.8 ఉన్నవాడికి ఆ మందు ఎక్కించొచ్చా అని అడిగితే డాక్టరుగారు మిమ్మల్నే చూపించారు: "నేనేం చెయ్యను, రిపోర్టులో సీటీ అని రాశారు కదా!" సీటీ సెంటరు వాళ్లూ మిమ్మల్నే చూపించారు: "క్లినికల్‌గా అవసరమైతే అని రాశాం కదండీ, మీ డాక్టరుగారినే అడిగి రండి." ఏడురోడ్ల జంక్షన్ ఈసారి అటునుంచి ఇటు దాటుతున్నాం.