వర్క్‌షాపు గ్లూ గన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్లూ గన్ గారి దివ్య సముఖమునకు,

తమ పూర్వీకులు విశ్రమిస్తున్న డ్రాయరుకు సరిగ్గా పైన, బల్ల మీద కాగితం పెట్టుకుని ఈ లేఖ రాస్తున్నాను. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, ప్లగ్గు పెట్టి పావుగంట దాటినా తమ ఒంట్లో వెచ్చదనం లేదు, నా బొటనవేలి మీద మొన్నటి బొబ్బ ఇంకా మానలేదు. కనుక ఆ మాట ఇద్దరి విషయంలోనూ అబద్ధమే అవుతుంది.

ఈ వర్క్‌షాపులో, గ్లూ స్టిక్కు అనే జిగురు కడ్డీని కరిగించి వస్తువులు అతికించే కొలువుకు చేరినవారిలో తమరు ఏడవవారు. తమకు ముందు సేవలందించిన ఆరుగురూ కింది డ్రాయరులో ఉన్నారు. ఏనుగు చచ్చినా బతికినా వెయ్యే అన్నారు కదా అని, ఒకరి నాజిల్ మరొకరికి, ఒకరి ట్రిగ్గర్ ఇంకొకరికి అక్కరకు వస్తుందన్న దూరాలోచనతో ఎవరినీ పారవేయలేదు. ఒకనాడు అవసరం పడి అందరినీ విప్పి చూసుకుంటే ఆరుగురిలోనూ విరిగింది ఒకటే ముక్క. ట్రిగ్గర్ నొక్కినప్పుడు గ్లూ స్టిక్కును పట్టి ముందుకు తోసే, చిటికెన వేలెడంత ప్లాస్టిక్ మీట అది. హీటర్లు ఆరూ నిక్షేపంగా ఉన్నాయి. అంటే నేటికి మా ఆస్తి ఆరు మంచి హీటర్లు, సున్నా మీటలు. (రెండవవారికి అసలు స్క్రూలే లేవు, ఒంటి మీది తొడుగు రెండు చిప్పలనూ కరిగించి ఒకటిగా అతికేశారు. లోకానికంతటికీ అతుకులు వేసే తమ వంశంలో అంత గట్టి అతుకు నేను మరెక్కడా చూడలేదు.)

తమ పొట్ట మీది స్టిక్కరులో 100 వాట్లు అని ఉంటుంది. తమరు చల్లగా ఉన్నప్పుడు, ప్లగ్గు పెట్టిన తొలి నిమిషాల్లో లాగే లెక్క అది. వేడెక్కిన తర్వాత అందులో ఏ కొద్ది భాగంతోనో కాలక్షేపం చేస్తారన్న సంగతి స్టిక్కరు చెప్పదు. దీన్ని మోసం అనను. తమ కడుపులో హీటరుగా పనిచేసే బేరియం టైటనేట్ అనే పింగాణీ బిళ్ల స్వభావమే అంత. ఒక హద్దు దాటి వేడెక్కగానే దాని నిరోధం అమాంతం పెరిగి కరెంటు తనంతట తానే తగ్గిపోతుంది కనుకనే, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ అనే కాపలాదారు జీతం లేకుండా తమరు ఇంత చవకగా పుట్టగలిగారు. కానీ చిన్న బిళ్ల చిన్న బిళ్లే. వరసగా పెట్టెలు అతికించే రోజున మేము స్టిక్కు వెనుక స్టిక్కు ఎక్కిస్తూ పోతే, లోపల కరిగే వేగం మా చేతి వేగాన్ని అందుకోలేదు, సగం కరిగిన స్టిక్కును మేము పంతం పట్టి నొక్కుతాము, మీట ఫెళ్లుమంటుంది. తిలా పాపం తలా పిడికెడు.

ఇవాళ ప్లగ్గు పీకి, తమరిని బల్ల మీద పడుకోబెట్టి స్క్రూలు విప్పాను. చిప్పలు రెండూ విడిపోతూ ఉంటే మధ్యన గ్లూ దారాలు సాలెగూడులా సాగాయి, ఒక స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది, దాన్ని వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. గ్లూ కరిగే గది వెనుక, స్టిక్కు లోపలికి దూరే చోట ఉండే రబ్బరు గొట్టం వదులై నోరు తెరిచింది; దాని పక్కనుంచి వెనక్కి కారిన గ్లూ మీట చుట్టూ గడ్డకట్టి, మాడిన పాకంలా గోధుమరంగుకు తిరిగింది. ఆ నేరం మాది. తమరిని స్టాండు మీద నిలబెట్టకుండా పక్కకు వాల్చి భోజనానికి వెళ్లినది మేము. స్టిక్కు రంగు మార్చాలని, కరిగిన స్టిక్కును వెనక్కి పీకినది మేము. 12 మిల్లీమీటర్ల గొట్టంలో 11 మిల్లీమీటర్ల స్టిక్కు పెట్టి, దూరింది కదా అని సంతోషించినదీ మేమే. గడ్డ అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేస్తే అది పట్టు వదిలి పెచ్చులుగా ఊడి వచ్చింది. ఈ మొత్తం వ్యవహారంలో చెప్పిన మాట విన్నది అదొక్కటే.

వేడెక్కకపోవడానికి కారణం మాత్రం బిళ్ల కాదు. మల్టీమీటరు పెట్టి చూస్తే వైరు తెగింది, అదీ పిడిలోకి దూరే చోట, తమరిని వైరు పట్టుకుని మేకుకు వేలాడదీసే చోట. అక్కడ కోసి, కొత్త వైరు వేస్తే సరిపోతుంది. బిళ్ల దగ్గరి కొసను మాత్రం నేను ముట్టుకోను. మూడవవారికి అక్కడ సోల్డరింగ్ చేసి, గొప్ప మెకానిక్‌నని మురిసిపోయి ప్లగ్గు పెట్టాను. మామూలు తగరం-సీసం సోల్డర్ 183 డిగ్రీలకు కరుగుతుంది; మూడవవారు 190 దాకా వెళ్లగల సమర్థులు. నా అతుకు మొదటి వేడికే జారిపోయింది. వేడిని తట్టుకుంటూ కరెంటును బయటికి పోనివ్వకుండా బిళ్లకు చుట్టిన పసుపు పచ్చని పాలిమైడ్ పొర చిరిగిందని మామూలు ప్లాస్టిక్ టేపు చుట్టడం ఇంకా పెద్ద తెలివి. ఆ టేపు తట్టుకునేది 80 డిగ్రీల వరకే, ఆపైన కరిగే గది మొత్తానికీ కరెంటు పాకవచ్చు. ఆ పొర పోయిన రోజున తమకు వైద్యం ఉండదు, డ్రాయరే గతి.

“ఎందుకండీ ఈ చాకిరీ? మీ గంట కూలికి కొత్తది వస్తుంది కదా” అంటాడు మా కుర్రవాడు. ఒక్క గన్ను విషయంలో అతని లెక్క తప్పు కాదు. అయితే ఆ లెక్కను మేము ఇప్పటికి ఆరుసార్లు వేసుకున్నాము, ఆరుసార్లూ ఒప్పే వచ్చింది, డ్రాయరు నిండింది.

అందువల్ల తమ తర్వాత రాబోయే ఎనిమిదవవారికి ఇప్పుడే నియామక షరతులు తెలియజేస్తున్నాము. ఒంటికి స్క్రూలు ఉండాలి. మీట, రబ్బరు గొట్టం, హీటరు విడిగా అమ్మకానికి దొరకాలి. ధర మూడింతలైనా బేరమాడము. నిజమైన థర్మోస్టాట్ ఉండాలి. మా వైపు నుంచి స్టాండును బల్లకు స్క్రూలతో బిగిస్తాము, మేకును పీకేస్తాము, భోజనానికి లేచేటప్పుడు ప్లగ్గు తీస్తాము. మూడవ మాట మీద నాకే పూర్తి నమ్మకం లేదు. అంతవరకు, కొత్త వైరుతో తమరే కొలువులో కొనసాగవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు, ఆరు హీటర్ల యజమాని

తా.క.: “పారవేయరాదు, విడిభాగాలు” అని అట్ట ముక్క మీద రాసి, కొత్త వైరు వేయగానే తమ చేతనే ఆ ఇనుప డ్రాయరుకు అతికించాను. చల్లని ఇనుము గ్లూను పట్టు దొరికేలోపే గడ్డకట్టించిందేమో, సంతకం చేసేలోగా అట్ట కింద పడింది. ఇప్పుడు దానికి సెల్లో టేపు వేశాను.