సున్నపు గోడకి మేకు కొట్టి చరిత్ర చెబుతారా?

నిన్న గోదావరి జిల్లాలో ఒక పాత మండువా లోగిలిలో ఊరి చరిత్ర మీద సభ జరిగింది. మొదలవ్వక ముందే నిర్వాహకుల్లో ఒకాయన ఫ్లెక్సీ కట్టడానికని గోడకి నాలుగంగుళాల మేకు దిగ్గొట్టాడు. అరచెయ్యంత పూత ఊడి కిందపడింది. ఒక్కరూ అడ్డు చెప్పలేదు! పాత ఇళ్ల మీద ప్రేమతో పనులు మానుకుని వచ్చిన జనం మధ్యలోనే జరిగింది ఇదంతా. నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది.

గానుగలో నూరిన సున్నంతో చేసిన పూత వానకి, ఎండకి తట్టుకుంటుంది గానీ సుత్తిదెబ్బకి తట్టుకోదు. మేకు చేసిన చిల్లు చిన్నదే. కానీ ఆ అదురుకి చుట్టుపక్కల పూత కూడా ఇటుకని వదిలేస్తుంది. కంటికి కనపడదు, వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. తర్వాత జరిగేది ఇంకా దారుణం. ఇంటివాళ్లు చిల్లు కనపడకుండా సిమెంటు మెత్తిస్తారు. పాత గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుని సున్నం గుండా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ పక్కకి తిరుగుతుంది, తనతో ఉప్పుని మోసుకొస్తుంది, అతుకు చుట్టూ బాగున్న పూతని కూడా పొడిపొడిగా రాల్చేస్తుంది. షూటింగులకి అద్దెకిచ్చిన లోగిళ్లలో సున్నం మీద ఎనామిల్ రంగులు పూసేవాళ్లు చేస్తున్నదీ ఇదే పాపం. అతుకు వెయ్యక తప్పదంటే బాగా నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి, పల్చగా పూత మీద పూత వేసి, వారం పాటు తడి ఆరకుండా చూసుకోవాలి. అసలు మేకెందుకు? రెండు స్తంభాలకి గుడ్డ చుట్టి దానిమీద తాడు కడితే ఫ్లెక్సీ హాయిగా వేలాడుతుంది.

ఇక మైకు. నలభై మంది జనానికి పెళ్లిపందిరి బాక్సులు రెండు! గట్టి సున్నపు గోడలు, ఎత్తు కప్పు, నున్నటి నేల. శబ్దం పోవడానికి దారి లేక గోడకీ గోడకీ కొట్టుకుంటుంది. ఒక మాట తోక ఇంకో మాట మీద పడి ఏదీ అర్థం కాదు. అర్థం కావట్లేదని ఇంకా సౌండు పెంచుతారు. నేలమీద జంపఖానాలు పరిచి, వక్త గోడకి వీపు పెట్టి నిలబడి మాట్లాడితే మైకే అక్కర్లేదు. ప్రొజెక్టరు సంగతీ అంతే. మండువా నడిమధ్య ఆకాశం కనపడుతుంటే సాయంత్రం నాలుగింటికి తెరమీద ఏం కనపడుతుంది? ఆ ఫొటోలు ఏ-త్రీ కాగితం మీద ప్రింటు తీయించి చేతికిస్తే ముసలివాళ్లు కళ్లజోడు సవరించుకుని ఎవరెవరో పోల్చి చెబుతారు. సగం చరిత్ర అక్కడే దొరుకుతుంది.

గోడ సంగతి సరే, మేడ మీద సభలు పెట్టేవాళ్లకి ప్రాణభయం కూడా లేదు. మన భారతీయ ప్రమాణాల్లో నివాస గది నేలకి చదరపు మీటరుకి దాదాపు 200 కిలోల భారం లెక్కగడతారు. కుర్చీలు కదిలించుకునే సభాస్థలికైతే 500 కిలోలు. పదిహేనడుగులకి పన్నెండడుగుల గది అంటే పదహారున్నర చదరపు మీటర్ల పైచిలుకు. అందులో అరవై మందిని కూర్చోబెడితే, మనిషికి 65 కిలోల చొప్పున, చదరపు మీటరుకి 230 కిలోలు దాటిపోతుంది. కుర్చీలు అదనం. ఇది కొత్త ఇంటికి చెప్పే లెక్క, చెదలు తిన్న దూలానికి కాదు! దూలం మధ్యలో బాగానే కనపడుతుంది. గోడలో దూరిన చివర్లే ముందు పుచ్చుతాయి, చెమ్మ చేరేది అక్కడే కాబట్టి. స్క్రూడ్రైవరుతో ఆ చివర గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ గదిలోకి జనాన్ని పంపకండి.

ఇన్ని తప్పులూ భరించొచ్చు, చెప్పిన చరిత్రైనా సరిగ్గా ఉంటే. వక్తగారు వసారాలో రాలిపడిన బంగళా పెంకు ఒకటి ఎత్తి చూపించి, "1865, ఇదిగో ఈ ఇల్లు కట్టిన సంవత్సరం" అన్నారు. చప్పట్లు! అది మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. తర్వాత తయారైన పెంకుల మీద కూడా ఆ అంకె అచ్చు వేసేవాళ్లు. ఆయన తల పైకెత్తి ఉంటే దూలాల పక్కనే ఇనుప గర్డరు, దానిమీద డార్మన్ లాంగ్ అన్న పేరు కనపడేవి. ఆ ఇంగ్లండు ఉక్కు కంపెనీ పుట్టిందే 1875లో. గర్డరు తర్వాతెప్పుడో దూర్చింది కాక మొదటి నుంచీ ఉన్నదైతే ఇల్లు అంతకంటే పాతది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వరి డబ్బుతో లేచిన లోగిళ్లెన్నో ఉన్నాయి, ఇదీ వాటిలో ఒకటేనేమో అని ఆలోచన రాదా?

కాగితాలు చూశారా అంటే అదీ లేదు. రెవెన్యూ రికార్డు తిరగేస్తే చాలనుకుంటారు. పాత రికార్డుల్లో గ్రామకంఠం, అంటే ఊళ్లో ఇళ్లున్న స్థలం, మొత్తానికి కలిపి సర్వే నంబరు ఉంటుంది, అందులో ఏ ఇల్లు ఎవరిదో తెలీదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు తీయించాలి. హద్దులు రాసే చెక్కుబందీలో నాలుగు దిక్కులా ఎవరి ఇల్లు, ఎవరి దొడ్డి, నూతిలో ఎవరికి ఎంత హక్కు, ఇల్లు పెంకుటిల్లా తాటాకుటిల్లా, అన్నీ రాసుంటాయి. పక్కింటి దస్తావేజు కూడా తీస్తే ఇంకా మంచిది, హద్దుల్లో ఈ ఇంటి పేరు కూడా వస్తుంది.

ఆ నూతి దగ్గరే నా పాత కోపం మళ్లీ లేచింది. గంటన్నర ప్రసంగంలో ఇంటి యజమాని తాతముత్తాతల పేర్లే. ఆ నూతిలో నీళ్లు తోడినవాళ్లు, సున్నం గానుగ తిప్పినవాళ్లు, దూలాలు చెక్కిన వడ్రంగులు, ఒక్కరి ప్రస్తావన లేదు. కైఫీయత్తుల గురించి, అంటే ఊళ్ల చరిత్రలు రాయించిన పాత రికార్డుల గురించి, మాట్లాడినా ఇంతే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ దొర సేకరించాడు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ దొరకి మన భాషలు రావు. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య మొదలుపెట్టి 1803లోనే చనిపోతే, తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నెత్తినేసుకున్నాడు. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని మాట రాబట్టింది ఇలాంటివాళ్లు!

రాజమండ్రిలో 1881 డిసెంబర్ 11న కందుకూరి వీరేశలింగంగారు జరిపించిన తొలి వితంతు వివాహం గురించి ఎన్ని సభల్లో విన్నాం! వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రామని మానేస్తే గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వండిపెట్టింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆవిడ బిందె ఎత్తకపోతే ఆ పెళ్లికి వచ్చినవాళ్లకి మంచినీళ్లు కూడా ఉండేవి కావు. మరి అలాంటి ఇంటి చరిత్ర వంటింట్లో నిలబడి చెప్పాలా, వద్దా? నిన్నటి లోగిలిలో వంటింటి నిండా టీ కేన్లు, ప్లాస్టిక్ కుర్చీలు పేర్చారు. పొగ పట్టిన కప్పు, కుండలు పెట్టిన గూళ్లు, పెరటి గుమ్మం ఎవరికీ చూపించలేదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి అక్కడే ముసలైపోయిన మామ్మగారు గుమ్మం పక్కన మూడు గంటలు కూర్చున్నారు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. పూర్వం ఏ గది ఎవరు వాడేవాళ్లో, ఏ తలుపు ఎవరికి మూసేవాళ్లో ఆవిడకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? సభకి ముందు అరగంట ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేస్తే చాలు. ఏ రోజు, ఏ గదిలో, ఎవరు మాట్లాడారో మొదట్లోనే చెప్పించి, ఒక కాపీ ఆ ఇంట్లోనే ఇచ్చి రావాలి.

వచ్చే నెల సభకి కరపత్రం అప్పుడే తిరుగుతోంది. ఈసారి మేడ మీద గదిలోనట, అందరూ ఆహ్వానితులేనట. నిర్వాహకులు ఇది చదువుతుంటే సభ కిందికి మార్చండి. మామ్మగారి దగ్గరికి రేపే వెళ్లండి.