ఓట్లకు పనికొచ్చిన కోపం

దేశానికి కొత్త నాయకుడొస్తే సమాజంలో మగవాడి స్థానం మెరుగుపడుతుందా? పడుతుందని కుర్రాళ్లను నమ్మించి గెలిచిన నేత ఒకరు దక్షిణ కొరియాలో ఉన్నారు. 2022 జనవరిలో అధ్యక్ష అభ్యర్థి యూన్ సుక్ యోల్ ఫేస్‌బుక్‌లో ఒక్క ముక్క రాశారు: మహిళా, కుటుంబ శాఖ రద్దు. కొరియా లిపిలో ఏడంటే ఏడు అక్షరాలు. ఎందుకో చెప్పలేదు, దాని బదులు ఏం పెడతారో చెప్పలేదు. అయినా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లకు అది చాలింది. మార్చిలో జరిగిన పోలింగ్‌లో ఆయన ప్రత్యర్థి లీ జే మ్యుంగ్‌పై 0.73 శాతం ఓట్ల తేడాతో, అంటే రెండున్నర లక్షల లోపు ఆధిక్యంతో గట్టెక్కారు. ఎగ్జిట్ పోల్స్ లెక్కన ఆ వయసు మగవారిలో 58 శాతానికి పైగా యూన్ వైపు నిలిచారు. అదే వయసు ఆడపిల్లల్లో 58 శాతం లీకి ఓటేశారు. ఒకే ఇంట్లో పెరిగిన అన్నాచెల్లెళ్లు చెరో దారి పట్టిన ఎన్నిక అది.

ఆ కుర్రాళ్ల కోపాన్ని తీసిపారేయడం తేలికే గానీ, న్యాయం కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగవాడూ సైన్యంలో చేరి తీరాల్సిన దేశమది. పదాతిదళంలో 18 నెలలు, నౌకాదళంలో 20, వైమానిక దళంలో 21. చదువు మధ్యలో ఆపేసి, తల గొరిగించుకుని బ్యారక్‌కు వెళ్లి వచ్చేసరికి తోటి విద్యార్థినులు పోటీ పరీక్షల్లో ఓ మెట్టు పైన ఉంటారు. ఒకప్పుడు ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో మాజీ సైనికులకు 3 నుంచి 5 శాతం అదనపు మార్కులు ఉండేవి. 1999 డిసెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం వాటిని కొట్టేసింది. ఆడవాళ్లు కేసు వేసి మా మార్కులు లాగేసుకున్నారని ఆన్‌లైన్ చర్చల్లో ఇప్పటికీ వినిపిస్తుంటుంది. కోర్టుకెక్కిన వారిలో ఇవా మహిళా విశ్వవిద్యాలయం వారితో పాటు ఒక వికలాంగ యువకుడు కూడా ఉన్నాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. సైన్యం చేర్చుకోని మగవాడికీ ఆ మార్కులు దక్కేవి కావు మరి! బ్యారక్ నుంచి వచ్చాక పెళ్లి గండం. ఇల్లు పెళ్లికొడుకే చూపించాలన్న ఆనవాయితీ ఇంకా పోలేదు. సియోల్‌లో ఫ్లాటు కొనడం మామూలు జీతగాడికి తలకు మించిన భారం.

ఇటువైపు చూస్తే, అదే దేశంలో ఆడవాళ్ల జీతం మగవారి కంటే దాదాపు 30 శాతం తక్కువ. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో ఇంత తేడా మరే దేశంలోనూ లేదు. రెండు బాధలూ నిజమే. ఎన్నికల రాజకీయం మాత్రం ఒకదాన్ని చూపించి రెండోదాన్ని అబద్ధమంటుంది. వ్యవస్థాగతమైన లింగ వివక్ష ఇక లేనే లేదని యూన్ ప్రచారంలో తేల్చిపారేశారు.

గెలిచాక ఏం జరిగింది? ఆ శాఖ రద్దు కాలేదు. పార్లమెంటులో మెజారిటీ ప్రతిపక్షానిది. రద్దు చేయలేక 2024 ఫిబ్రవరి నుంచి మంత్రి కుర్చీని ఖాళీగా వదిలేశారు. దానివల్ల ఏ కుర్రాడికి ఉద్యోగం వచ్చిందో, ఎవరికి ఇల్లు అమరిందో చెప్పేవారు లేరు. సైనికుల జీతం పెంచిన మాట నిజం, ఆ ఘనత ఆయనకు ఇవ్వాల్సిందే. 2022లో నెలకు 6,76,100 వోన్లు అందుకున్న సార్జెంటుకు 2025 నాటికి 15 లక్షల వోన్లు దక్కాయి, మన రూపాయల్లో దాదాపు 90 వేలు. అయితే 2017లో ఆ జీతం 2,16,000 వోన్లే. దాన్ని మూడింతలు చేసింది అంతకుముందు అధ్యక్షుడు మూన్ జే ఇన్. స్త్రీవాద అధ్యక్షుణ్నవుతానని ప్రకటించుకుని, మగపిల్లల చేత నానా మాటలూ పడింది కూడా ఆయనే.

2023 జులై వరదల్లో యేచోన్ దగ్గర నదిలో గల్లంతైన వారిని వెతకడానికి మెరైన్ సైనికులను దింపారు. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు కొట్టుకుపోయి చనిపోయాడు. దింపమన్న అధికారులెవరో తేల్చబోయిన దర్యాప్తును అధ్యక్ష భవనమే అడ్డుకుందన్న ఆరోపణ వచ్చింది. ప్రత్యేక దర్యాప్తు కోసం పార్లమెంటు ఆమోదించిన బిల్లును యూన్ 2024 మేలో ఒకసారి, జులైలో మరోసారి వీటో చేశారు. ఆయనను గద్దెనెక్కించిన ఓటర్లు ఏ వయసువారో చనిపోయిన పిల్లవాడిదీ అదే వయసు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ఆ డిసెంబరు 3 రాత్రి ఆయన విధించిన సైనిక పాలన కొన్ని గంటలకే కుప్పకూలింది. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయనను ఏకగ్రీవంగా పదవి నుంచి తప్పించింది.

జూన్ 3న జరిగిన ఎన్నికలో ఈసారి లీ జే మ్యుంగ్ గెలిచారు. కుర్రాళ్ల కోపం చల్లారలేదు, చిరునామా మార్చుకుంది. ఇరవైల్లోని మగవారిలో లీకి పడినవి 24 శాతం. 37.2 శాతం మంది స్త్రీవాద వ్యతిరేకిగా పేరుపడ్డ లీ జున్ సియోక్ అనే నలభై ఏళ్ల నేత వెంట నడిచారు. దేశం మొత్తం మీద ఆయనకు వచ్చింది 8.34 శాతమే అన్నది గమనిస్తే ఈ అంకె బరువు తెలుస్తుంది.

కొత్త అధ్యక్షుడి జీవితంలోనే ఈ సమస్య సగం కనిపిస్తుంది. ప్రాథమిక బడి ముగియగానే లీ సియోంగ్నామ్‌లో ఫ్యాక్టరీ పనికి కుదిరారు. వయసు చాలదు కాబట్టి వేరేవాళ్ల పేర్ల మీద. బేస్‌బాల్ గ్లవ్స్ తయారీలో ప్రెస్సు కింద పడి ఎడమ మణికట్టు నలిగింది, ఎదిగే కొద్దీ చెయ్యి వంకరపోయింది. సైన్యం ఆయనను తీసుకోకపోవడానికి కారణం ఆ చెయ్యే.

పదవిలోకి వచ్చిన వారం తిరక్కముందే మంత్రివర్గ సమావేశంలో ఆయన ఓ ప్రశ్న వేశారు: మగవారు వివక్ష ఎదుర్కొంటున్న రంగాలేమైనా ఉంటే ప్రభుత్వం వాటిని పట్టించుకుంటోందా? అక్టోబరులో, యూన్ రద్దు చేస్తానన్న మహిళా, కుటుంబ శాఖ లింగ సమానత్వ, కుటుంబ శాఖగా మారింది. మగవారి ఫిర్యాదులు చూసే విభాగమూ అందులోనే ఏర్పడింది. మహిళా సంఘాలు గుర్రుమన్నాయి. వారి అనుమానం అకారణం కాదు. జీతాల్లో అంత తేడా ఉన్న దేశంలో 'రివర్స్ వివక్ష' జాబితా తయారీకి ప్రభుత్వమే కూర్చుంటే, రేపు దాన్ని చేతపట్టుకుని ఊరేగే మరో యూన్ పుట్టుకొస్తాడు. అయినా అడగడమే తప్పనడం మా ఉద్దేశంలో సరికాదు. ప్రభుత్వం వినకపోతే ఆ గోడు వినేందుకు యూట్యూబ్ గదులున్నాయి. అక్కడ వినేవారికి పరిష్కారం అక్కర్లేదు, వ్యూస్ చాలు.

అసలు చిక్కేమిటంటే, పోయిందని మగవారు వాపోతున్న దానిలో కొంత ఏ నాయకుడూ తిరిగి ఇవ్వగలిగింది కాదు. ఇంటికి పెద్ద అన్న హోదా, తన మాటే చెల్లాలన్న ధీమా ఆడపిల్ల చదువుతో, సంపాదనతో కరిగిపోయాయి. వాటికోసం చట్టం చేయలేరు, చేయకూడదు కూడా. మిగతాది మాత్రం అక్షరాలా ప్రభుత్వం చేతిలో పని. బ్యారక్‌లో గడిపే నెలలెన్ని, అక్కడ ప్రాణానికి భద్రత ఎంత, యంత్రానికి కవచం ఉందా, బిడ్డ పుడితే తండ్రికి సెలవు దొరుకుతుందా, మనసు విరిగినవాడు ఎవరి తలుపు తట్టాలి? కొరియాలో 2024లో ప్రతి లక్ష మంది మగవారిలో 41.8 మంది ప్రాణాలు తీసుకున్నారు. ఆడవారిలో ఆ సంఖ్య 16.6. ఏ మంత్రిత్వ శాఖను రద్దు చేస్తే ఈ అంకె దిగుతుంది?

2025 మేలో సియోల్ సమీపంలోని షిహుంగ్‌లో, ఓ బ్రెడ్ ఫ్యాక్టరీలో తెల్లవారుజామున మూడింటి వేళ కన్వేయర్‌కు కందెన రాస్తున్న యాభై ఏళ్లు దాటిన కార్మికురాలు అందులో ఇరుక్కుని చనిపోయింది. జులైలో లీ ఆ ఫ్యాక్టరీకి స్వయంగా వెళ్లి యాజమాన్యాన్ని కూర్చోబెట్టి రాత్రి షిఫ్టుల గురించి గుచ్చి గుచ్చి అడిగారు. రెండు రోజులకే కంపెనీ ఎనిమిది గంటలు దాటిన రాత్రి పని ఎత్తేస్తామంది. చనిపోయింది మహిళ. ఆ నిర్ణయంతో కంటినిండా నిద్రపోయేవారిలో మగవారూ ఉంటారు. కొరియాలో పని ప్రమాదాల్లో పోయేవారిలో అత్యధికులు మగవారే కాబట్టి, ఈ దారిలో వేసే ప్రతి అడుగూ వారికే ఎక్కువ మేలు. ఆ రోజు అక్కడ 'పురుష సంక్షేమం' అన్న మాట వాడాల్సిన అవసరమే రాలేదు.

తండ్రుల సెలవుల కథా అంతే. 2015లో పిల్లల పెంపకం సెలవు తీసుకున్న వారిలో మగవారు 5.6 శాతం. 2024 నాటికి 31.6 శాతం. భార్య ప్రసవించినప్పుడు భర్తకిచ్చే సెలవు 2025 ఫిబ్రవరిలో పది రోజుల నుంచి ఇరవైకి పెరిగింది. ఆ చట్టం వచ్చింది యూన్ హయాంలో, ప్రతిపక్షానికి మెజారిటీ ఉన్న పార్లమెంటులోనే. ఆయన సభల్లో చప్పట్లు మోగించింది మాత్రం ఇది కాదు.

మన దగ్గరా జాతీయ పురుష కమిషన్ కావాలన్న పిటిషన్‌ను 2023 జులైలో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. పిటిషనర్ చూపింది జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 లెక్కలు: ఆత్మహత్యలు 1,64,033, అందులో మగవారు 1,18,979. కమిషన్ కోరేవారి నోట ఎక్కువగా వినిపించేది, భార్యను వేధించారంటూ భర్త, అత్తింటివారిపై పెట్టే 498ఏ కేసుల గొడవ. ఆ సెక్షన్ దుర్వినియోగంపై సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తెలంగాణకు చెందిన ఓ కేసులోనే గట్టిగా హెచ్చరించింది. అమాయకులకు ఆ రక్షణ ఉండాల్సిందే. కానీ అదే నివేదికలో మరో అంకె ఉంది: ప్రాణాలు తీసుకున్న వారిలో 42,004 మంది రోజుకూలీలు. నాలుగో వంతు దాటింది. వీరి గురించి ఏ పురుష హక్కుల ర్యాలీలోనూ ప్లకార్డు కనబడదు. 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు కాలిపోయినప్పుడూ అది మగవారి సమస్యగా ఎవరికీ తోచలేదు.

లీ ముందున్న అసలు పరీక్ష సైన్యం. మగవారికి మాత్రమే నిర్బంధ సైనిక సేవ రాజ్యాంగబద్ధమేనని న్యాయస్థానం 2023 సెప్టెంబరులో మళ్లీ చెప్పింది కాబట్టి, బంతి నాయకుల కోర్టులోనే ఉంది. జననాల రేటు, అంటే ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు, 2024లో 0.75. మగపిల్లలు తగ్గిపోయి సైన్యం ఇప్పటికే నాలుగున్నర లక్షలకు కుంచించుకుపోయింది. పది నెలల స్వల్పకాల సేవ, లేదంటే జీతంపై మూడేళ్ల వృత్తి సైనికుడి కొలువు, రెంటిలో ఒకటి ఎంచుకునే పద్ధతిని ఆయన ప్రచారంలో ప్రతిపాదించారు. ఉత్తరాన అణ్వాయుధ పొరుగు ఉండగా అది సాధ్యమేనా అన్నది సైనిక నిపుణుల చర్చ. కానీ మగవారి జీవితంలోంచి ఎనిమిది నెలలు తిరిగి ఇవ్వగల ప్రతిపాదన ఇది. ఆయన పదవీకాలం 2030 జూన్‌తో ముగుస్తుంది. అప్పుడు మొదటిసారి ఓటేసే కుర్రాళ్లు ఇప్పుడు బడుల్లో చదువుతున్నారు. పందొమ్మిదో ఏట సైనిక వైద్య పరీక్షకు పిలుపు అందేలోగా వారికి ఎంచుకునే ఆ అవకాశం చట్టంలో ఉండాలి.